సింపుల్ వంశవృక్షం: సటీకా తాత్పర్యం

మూలం: “మన వంశవృక్షం సింపుల్‌గా ఒక చార్టు గీయాలి. దేంతో గీస్తే బావుంటుంది?”

అవతారిక. ఈ రెండు వాక్యాల గ్రంథానికి కర్త ఎవరో నిర్ణయించడం కష్టం. శతాభిషేకానికో ఆత్మీయ సమ్మేళనానికో నెల ముందు ఏ కుటుంబ వాట్సాప్ గ్రూపులో చూసినా ఇదే పాఠం పొల్లుపోకుండా కనబడుతుంది గనక, అపౌరుషేయమనుకోవడమే క్షేమం. పూర్వవ్యాఖ్యానాలు లేకపోలేదు. “ఎక్సెల్” అని ఒక బావగారు, “కాన్వా” అని ఒక మేనకోడలు, “చార్టు పేపరూ స్కెచ్ పెన్నులూ” అని రిటైరైన బాబాయిగారు తలా ఒక భాష్యం రాసి ఊరుకున్నారు. నాలుగో వ్యాఖ్యాత రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ఎవరూ హేతువు చూపలేదు. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి రఘువంశానికి సంజీవని అనే వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన ముందున్నదీ వంశకథే. అయితే ఆ 19 సర్గల్లోనూ సింహాసనం ఎక్కినవాడి వెంట నడిస్తే చాలు గనక ఆయనకు చార్టుతో పనిపడలేదు. మన ఇళ్లలో సింహాసనాలు లేవు. చార్టు మాత్రం అందరూ ఎక్కవలసిందే. అందుచేత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికే ఈ టీక కట్టుబడి ఉంటుంది.

టీక. “గీయాలి” అన్నది విధివాక్యం. విధి కనబడితే ప్రయోజనం అడగడం శాస్త్రమర్యాద. ఇక్కడ ప్రయోజనాలు మూడు కనిపిస్తున్నాయి. తర్పణానికి కావలసింది తండ్రి, తాత, ముత్తాత, మాతామహుడి వరుసలో మరో ముగ్గురు; ఇది తన నుంచి పైకి పోయే చార్టు, పంచాంగం వెనక అట్ట మీద పట్టేస్తుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లేవారికి కావలసింది పోయినవారి నుంచి కిందికి దిగేది. అందులో మేనత్తగారి తోడికోడలికి చోటు లేదు. గోడకు తగిలించేది పైకీ కిందికీ పక్కలకీ పాకాలి, పైగా అల్లుళ్ల పేర్లలో అచ్చుతప్పు ఉండకూడదు. మూలకర్త వీటిలో ఏది ఉద్దేశించాడో చెప్పకుండానే “దేంతో” అంటూ సాధనం మీదికి దూకాడు. గందరగోళమంతా ఆ దూకుడులోనే ఉంది. గీత ప్రయోజనాన్ని బట్టి మూడు రకాలుగా మారుతుంది, బాంధవ్యం మారదు. కాబట్టి గీతలు ఎంత అందంగా వస్తాయన్నది తర్వాతి మాట; ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవరిని చేసుకున్నారో ఆ సాధనం ఎలా గుర్తుంచుకుంటుందో చూసి ఎంచుకోవాలని మా మతం. ఇది నిరూపించాలంటే “వంశవృక్షం” దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

చెట్టుకు ఒక ధర్మం ఉంది. విడిపోయిన కొమ్మ మళ్లీ వచ్చి ఇంకో కొమ్మతో కలవదు. మేనరికాలున్న ఇంట్లో కలుస్తుంది, పెద్దలు కూర్చుని మరీ కలుపుతారు, ఆస్తి బయటికి పోకూడదని కొందరు, పిల్ల కళ్లెదుటే ఉంటుందని కొందరు. 1955 నాటి హిందూ వివాహ చట్టం తల్లి వైపు మూడు తరాలు, తండ్రి వైపు అయిదు తరాల దాకా సపిండుల పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. చట్టం ఇచ్చిన మినహాయింపును డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఇవ్వకపోతే ఎలా? అక్క కూతుర్ని చేసుకున్న మేనమామను తీసుకోండి. వాళ్లకు పుట్టినవాడికి తండ్రి తండ్రి తాత. ఆ పెద్దమనిషే తల్లికి కూడా తాత గనక పిల్లవాడికి ముత్తాత సైతం ఆయనే. ఆస్ట్రియా పండితుడు మిఖాయేల్ ఐట్సింగర్ 1590లో యూరపు రాజవంశాల గ్రంథంలో ఒక లెక్క వాడాడు: తాను 1, తండ్రి సంఖ్య తనకు రెట్టింపు, తల్లిది ఆ రెట్టింపు మీద ఒకటి. వంశశోధకులు ఈనాటికీ దాన్నే వాడతారు. ఆ లెక్కలో మన పిల్లవాడి తాత 4, ఆయనే మళ్లీ 14. మామ్మ 5, ఆవిడే 15. ఇద్దరు మనుషులకు నాలుగు సంఖ్యలు. ఆలంకారికులు చూస్తే విరోధాభాసమని మెచ్చుకునేవారు.

కాగితం మీద ఇబ్బంది ఇంకా స్పష్టం. పైన తాతా మామ్మా, వాళ్ల కింది వరుసలో కూతురూ కొడుకూ, కూతురి కింద మనవరాలు. ఇప్పుడు కొడుకు ఆ మనవరాలిని చేసుకున్నాడు. ఆమెను భర్త పక్కన రెండో తరంలో పెట్టాలా, తల్లి కింద మూడో తరంలో ఉంచాలా? రెండు చోట్లా పెడితే ఒక మనిషి ఇద్దరవుతుంది. ఒకచోట పెడితే పెళ్లిగీత ఏటవాలుగా దిగాలి. వాళ్ల బిడ్డ తండ్రి లెక్కలో మూడో తరం, తల్లి లెక్కలో నాలుగో తరం. వైద్యుల పెడిగ్రీ చార్టుల్లో ఇందుకు ఒక సంకేతం ఉంది: మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, రక్తసంబంధీకుల పెళ్లికి జంటగీత. చేత్తో గీసేవారు ఆ జంటగీతను ఏటవాలుగానూ గీసుకోగలరు. పెన్సిలుకు తరాల పట్టింపు లేదు, దాని గొప్పతనం అదే.

ఇప్పుడు పూర్వపక్షాలు. వర్డులోనో పవర్‌పాయింటులోనో ఉన్న స్మార్ట్‌ఆర్ట్ చాలునని మొదటివారు. తార్కికులు లక్షణానికి చెప్పిన అవ్యాప్తి దోషం, అంటే వర్తించవలసిన చోటికి అందకపోవడం, ఇందులో నిండుగా ఉంది. ఆ చార్టు ఆఫీసుల కోసం పుట్టింది. ప్రతి పెట్టెకూ పైన ఒక్క అధికారే. మనిషికి తల్లీతండ్రీ ఇద్దరని దానికి తెలియదు. భార్యను చూపాలంటే “అసిస్టెంట్” అన్న పెట్టె చేర్చుకోవాలి. ఇది తమాషాగా ఉన్నా దీని ఫలితం తమాషా కాదు. ఒక్కరి కిందనే గీత దింపాలన్నప్పుడు గీసేవారు తండ్రి కిందనే దింపుతారు, కూతుళ్ల దగ్గర గీత ఆగిపోతుంది. పై ఉదాహరణలో ఆ ఇంటి మనవరాలే ఆ ఇంటి కోడలిగా, పుట్టుక లేని అసిస్టెంటుగా మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఉంది. కూతుళ్ల దగ్గర ఆగే చార్టును తహసీల్దారు కార్యాలయానికి పట్టుకెళితే గుమస్తాయే తిప్పి పంపుతాడు.

ఎక్సెల్ పక్షం కొంత బలమైనది, అయితే దాని బలం ఎక్కడుందో బావగారు చెప్పలేదు. ఒక చిన్న లెక్క చూడండి. ప్రతి దంపతులకూ నలుగురు పిల్లలనుకుంటే నాలుగో తరంలో 64 మంది. ఒక్కొక్కరికి రెండున్నర సెంటీమీటర్ల పెట్టె ఇచ్చినా ఆ వరుస 160 సెంటీమీటర్లు సాగుతుంది. ఏ0 కాగితం పొడుగే 119 లోపు. పైగా ఇంటిపేరుతో సహా వెంకట సత్య సుబ్రహ్మణ్యం అన్న నామధేయం రెండున్నర సెంటీమీటర్లలో ఇమడదు. తరాలను పైనుంచి కిందికి కాకుండా ఎడమ నుంచి కుడికి నడిపించండి. తెలుగు పేరు అడ్డంగా సాగేది గనక పేరుకొక వరుస చాలు, వరుసకు 6 మిల్లీమీటర్లు చాలు. 64 మందికి 384 మిల్లీమీటర్లు. 420 మిల్లీమీటర్ల ఏ3 కాగితం మీద నాలుగు తరాలూ కూర్చుంటాయి. ఎక్సెల్ గళ్లు సహజంగా ఇచ్చే రూపం ఇదే. దోషమేమంటే బాంధవ్యమంతా పేరు ఏ గడిలో ఉందన్న దానిమీదే ఆధారపడి ఉంటుంది. ఉత్సాహవంతుడొకడు అకారాది క్రమంలో సార్ట్ చేశాడంటే ఆ కుటుంబంలో ఎవరికి ఎవరూ కారు. కాన్వాకూ చార్టు పేపరుకూ ఇదే జవాబు కొద్ది తేడాతో వర్తిస్తుంది, విస్తరించం.

వంశశోధన కోసమే పుట్టిన సాఫ్ట్‌వేర్ల పక్షం గౌరవనీయమైనది. 1984లో అమెరికాలోని మార్మన్ చర్చి జెడ్‌కామ్ అనే లిఖిత పద్ధతిని తెచ్చింది. మనిషికొక నమోదు, దాంపత్యానికి వేరే నమోదు, పిల్లలు దాంపత్యం కిందికి వస్తారు. పెళ్లిని రెండు పెట్టెల మధ్య గీతగా కాక ఒక వస్తువుగా చూసినందువల్ల మేనరికం దానికి అడ్డు కాలేదు. దత్తతకూ అందులో చోటుంది. ఇంటిపేరుకు రెండు వైపులా ఏటవాలు గీతలు పెట్టే పద్ధతి గనక అది ముందుండే మన సంప్రదాయమూ చెల్లుతుంది. అయితే ఇందులో అక్కర్లేనిచోటికి పాకే అతివ్యాప్తి ఉంది, అవ్యాప్తీ ఉంది. బాప్టిజానికీ, మొదటి కమ్యూనియన్‌కూ, బార్ మిట్స్వాకూ విడివిడిగా గుర్తులున్నాయి, అక్షరాభ్యాసానికి లేదు. లిపి సంగతి మరో కథ: పాత జెడ్‌కామ్ వాడిన అక్షరసంకేతంలో తెలుగుకు తావులేదు, 2021 నాటి 7.0 రూపం యూనికోడు తప్ప మరొకటి ఒప్పుకోదు. ఇంతలో మన డీటీపీ సెంటర్లలో యూనికోడు కాని అనూ ఫాంట్లతో కొట్టించిన వంశవృక్షాలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఏ భాషకూ చెందవు. సాఫ్ట్‌వేర్ ఆయుర్దాయం కూడా లెక్కలోకి తీసుకోవాలి. పేరుమోసిన ఫ్యామిలీ ట్రీ మేకర్ అమ్మకాలు ఆపేస్తున్నట్టు యాన్సెస్ట్రీ సంస్థ 2015 డిసెంబరులో ప్రకటించింది. కొన్ని నెలలకే అది వేరే కంపెనీ చేతికి వెళ్లి బతికింది. జెడ్‌కామ్ ఫైలుగా తమ వివరాలు విడిగా తీసిపెట్టుకున్నవారు ఏమీ కంగారుపడలేదు. గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సొంత కంప్యూటర్లోనే ఉంటుంది, జెడ్‌కామ్ చదువుతుంది. ఓపికున్నవారికి మా ఓటు దానికే.

సిద్ధాంతం. ఓపిక లేనివారికి, అంటే మూలంలోని “సింపుల్‌గా” అన్న విశేషణానికి, ఒక రూళ్ల నోటుపుస్తకం చాలు. నాలుగు నిలువు గళ్లు: వరుస సంఖ్య, పేరు, తండ్రి సంఖ్య, తల్లి సంఖ్య. పై ఉదాహరణనే రాస్తే 1 తాత, 2 మామ్మ. 3 కూతురు, ఆమెకు 1, 2. 4 కొడుకు, అతనికీ 1, 2. 5 అల్లుడు, అతని తల్లిదండ్రుల గళ్లు ప్రస్తుతానికి ఖాళీ. 6 మనవరాలు, ఆమెకు 5, 3. 7 ఆ మేనరికపు బిడ్డ, వాడికి 4, 6. ఏడుగురు మనుషులు, ఏడు వరుసలు. బొమ్మలో ఇద్దరైన మనవరాలు ఇక్కడ ఒక్కతే. తరాల పేచీ పుట్టనే లేదు, ఎందుకంటే తరమన్నది ఎవరూ రాయలేదు. కావలసినప్పుడు ఎవరి వైపునుంచి కావాలో అటు నుంచి లెక్కపెట్టుకోవచ్చు. ఈ పట్టికనే ఎక్సెల్‌లోకి ఎక్కిస్తే ఎన్నిసార్లు సార్ట్ చేసినా చుట్టరికాలు చెదరవు. కంప్యూటరు చదివిన పిల్లలెవరైనా ఉంటే, బెల్ ల్యాబ్స్ పరిశోధకుల చేతిలో పుట్టిన గ్రాఫ్‌విజ్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఈ సంఖ్యల జతలు అందించి గీతలు అదే వేసుకునేలా చేస్తారు.

శంక: పిల్లల్లేని దంపతుల మాటేమిటి? తల్లిదండ్రుల సంఖ్యల ద్వారానే జంటలు తెలిసే పట్టికలో వాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమీ కాకుండా పోతారు కదా? ఆక్షేపణ న్యాయమైనది. అయిదో గడి గీసి అందులో భర్త లేదా భార్య సంఖ్య రాయాలి. రెండో పెళ్లి ఉంటే రెండు సంఖ్యలు. దత్తు వెళ్లినవాడికి కన్నవారి సంఖ్యలు అలాగే ఉంచి పెంచినవారివి పక్కన “ద” అని రాస్తే చాలు.

మరో శంక: శతాభిషేకం చేయించుకునే పెద్దావిడకు సంఖ్యల పట్టిక చూపిస్తే ఏం సంతోషం? ఏమీ ఉండదు. ఆవిడకు బొమ్మే చూపించాలి. పట్టికను ఆవిడ ముందు పెట్టుకుని నింపాలి, ఎందుకంటే 5వ వరుసలోని ఖాళీలు పూరించగలిగేది బహుశా ఆవిడొక్కతే. సింపుల్ అన్నది గీసేవాడి సుఖం గురించి అన్న మాట అని మూడు పూర్వవ్యాఖ్యానాలూ భావించాయి. గీసేది ఒకసారి, దిద్దేది ఏటా. దిద్దేవారి సుఖాన్ని బట్టే ఆ విశేషణానికి అన్వయం చెప్పుకోవాలి.

తాత్పర్యం. ఓ కుటుంబ సభ్యులారా, ముందు పట్టిక రాయుడు, తర్వాత ఏది చేతికి దొరికితే దాంతో గీయుడు.

విశేషం. పట్టికకు శాశ్వతత్వం లేదని, గోడకు లామినేషన్ చేయించిన చార్టే తరతరాలు నిలుస్తుందని ఒక వాదం ఉంది. తూర్పు చాళుక్యులు తమ రాజుల వరుసను ఏకంగా రాగిరేకుల మీద చెక్కించారు: కుబ్జవిష్ణువర్ధనుడు 18 ఏళ్లు, ఏడంటే ఏడు రోజులు ఏలిన ఇంద్రభట్టారకుడు, అలా వరుసగా. అంత గట్టి సాధనం చేతిలో ఉన్నా పాత రేకుకు అతుకు వేయలేదు. కొత్త రాజు కొత్త దానం చేసినప్పుడల్లా ఆ వరుసంతా మొదటినుంచి మళ్లీ చెక్కించి, చివర తన పేరు చేర్చుకున్నాడు. అంటే వరుస వేరేచోట భద్రంగా ఉంది, రేకు దాని తాజా ప్రతి మాత్రమే. కాబట్టి ఫ్లెక్సీకి అభ్యంతరం లేదు, లామినేషన్‌కూ లేదు. అడుగున “ఫలానా తేదీ నాటికి” అని వేయించండి. ఆ మర్నాడు పుట్టినవాడు పట్టికలో 65వ వరుసో 165వ వరుసో అవుతాడు.