మెత్తగా ఉంటే చాలట!

చీలమండ విరిగి, కట్టు విప్పించుకున్న బుల్లెట్ వీరుడు తిన్నగా వెళ్లేది బూట్ల దుకాణానికి. సోఫాలో కూర్చుని, కాలు చాపి, కుర్రాడు తొడిగిన బూటును అటూ ఇటూ ఆడించి, "అబ్బ, ఎంత మెత్తగా ఉందో!" అంటాడు. "ఫుల్ కంఫర్టన్నా. అసలు వేసుకున్నట్టే ఉండదు" అంటాడు కుర్రాడు. ఆ మాటలో అబద్ధం లేదు. రేపు బండి ఒరిగి అదే కాలి మీద పడ్డప్పుడు కూడా వేసుకున్నట్టే ఉండదు.

ఇంతకీ ఆ కాలు విరిగింది ఏ లదాఖ్ కనుమలోనో, ఏ రేసు ట్రాకు మీదో కాదు. పెట్రోలు బంకు మలుపులో రాలిన ఇసుక చాలు. ఇంటి ముందు ర్యాంపు చాలు. వానకు తడిసిన స్పీడు బ్రేకరు మీది తెల్లరంగు చాలు. బండి ఒరుగుతుంది, ఒరగనిస్తే పరువు పోతుందని మనవాడు కాలు దించుతాడు. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. పరువు బరువు ఎంతో ఎవరూ తూచలేదు. రెండూ కలిసి పాదాన్ని లోపలికి మడతపెడతాయి.

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌కైతే కాలు విరగ్గొట్టడానికి కదలాల్సిన పనే ఉండేది కాదు. ఆమీటరు ముల్లును మధ్యకు తెచ్చి, డీకంప్రెషర్ లివరు నొక్కి, కిక్కరును ఒక పద్ధతిలో కిందికి తన్నాలి. పద్ధతి తప్పినా, టైమింగు ముందుకు జరిగి ఉన్నా అది తిరిగి తన్నేది. కొడుక్కి బండి అప్పగించే ముందు తండ్రులు ఈ విద్యను ఎంతో శ్రద్ధగా నేర్పేవారు, కాళ్లకు హవాయి చెప్పులతోనే.

కాలు విరిగాక ఉచిత వైద్యం మొదలవుతుంది. నలుగురూ చేరి ముందు బండిని లేపుతారు, ట్యాంకు మీద గీత పడిందేమో తడిమి చూస్తారు, ఆ తర్వాత మనిషిని లేపుతారు. "నాలుగడుగులు వెయ్ బాబూ. వేశావా? ఇంకేం, ఎముకకేం కాలేదు." తమాషా ఏమిటంటే ఈ నాలుగడుగుల పరీక్ష నిజంగానే ఉంది. ప్రతి బెణుకుకూ ఎక్స్‌రే తీసే పని తప్పించడానికి 1990ల మొదట్లో కెనడాలోని ఒటావా వైద్యులు కొన్ని నియమాలు తయారుచేశారు. నాలుగడుగులు వేయగలగడం అందులో ఒక ముక్క. చీలమండకు రెండు పక్కలా పొడుచుకొచ్చిన ఎముకల వెనక అంచునూ కొసనూ నొక్కి చూడటం ఇంకో ముక్క. అక్కడ నొప్పి ఉంటే, నడవగలిగినా సరే, ఎక్స్‌రే తీయాల్సిందే. రోడ్డు పక్క వైద్యులు మొదటి ముక్క దగ్గరే పట్టా పుచ్చుకున్నారు. నొక్కి చూడటమంటారా, అది టైరుకు చేస్తారు.

ఆ వెనకే పుత్తూరు కట్టు వర్గం దిగుతుంది. పూర్వపు చిత్తూరు జిల్లా పుత్తూరు దగ్గర ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టు కట్టే సంప్రదాయం తరాలుగా ఉంది. ఆ పేరు పెట్టుకున్న బోర్డులు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నాయి. ఎముక వంకరగా అతుకుతోందా, కీలు లోపల ఏదైనా చెదిరిందా అన్నది మాత్రం వెదురు బద్దకు తెలియదు. ఫిజియోథెరపీ అన్న మాట ఈ వర్గానికీ, క్రేప్ బ్యాండేజీ చుడితే చాలనే వర్గానికీ సమానంగా గిట్టదు.

ఇలాంటి ఉచిత వైద్యాన్ని దగ్గరికి రానివ్వని విషయంలో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్‌ను మెచ్చుకోవాలి. 1756లో ఓల్డ్ కెంట్ రోడ్డు మీద గుర్రం మీంచి పడి కాలు విరిగితే, ఆయన ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదట. పడ్డచోటే పడుకుని, ఒక తలుపు కొనిపించి, దానికి కర్రలు కొట్టించి, పల్లకీ మోసేవాళ్ల చేత ఇంటికి మోయించుకున్నాడని చెబుతారు. తర్వాత ఎముకల విరుపుల మీద పుస్తకం రాశాడు. ఒక రకం చీలమండ విరుపుకు ఆయన పేరే స్థిరపడిపోయింది, ఆయనకు విరిగింది అది కాకపోయినా. వాహనం మీంచి పడ్డాక కూడా బుద్ధి పనిచేసిన అరుదైన మనిషి.

ఇక మెత్తదనం సంగతి. నొప్పి పడ్డ కాలు మెత్తన కోరుకోవడంలో తప్పు లేదు, దాన్నే రక్షణ అనుకోవడంలో ఉంది. చీలమండ తలుపు బందులాంటి కీలు. పాదాన్ని ముఖ్యంగా పైకీ కిందికీ ఆడనిస్తుంది. పక్కలకు ఎంత వాలాలో లిగమెంట్లు కాపలా కాస్తాయి. బెణుకుల్లో ఎక్కువగా దెబ్బతినేవి బయటివైపు లిగమెంట్లే. ఒకసారి సాగినవి, తగిన వ్యాయామం లేకపోతే, మళ్లీ మళ్లీ మోసం చేస్తాయి. కాబట్టి బూటు చేయాల్సిన ఉద్యోగం రెండు రకాలు: గేరు మార్చడానికి ముందుకీ వెనక్కీ వంగాలి, పక్కకు మాత్రం ససేమిరా అనాలి. సోఫా పరీక్షలో ఈ రెండో పేపరే లేదు. పక్కకు ఇట్టే వంగిపోయిన బూటుకే అక్కడ ఫస్టు క్లాసు.

'రైడింగ్ షూ' పేరుతో వచ్చేవాటిలో చాలా రకాలు నిజానికి ఆటల బూట్లే. చీలమండ దగ్గర చెరొక ప్లాస్టిక్ బిళ్ల, మడమ మీద ఎర్రదారం కుట్టు, పెట్టె మీద మోకాలు నేలకు రాసేంతగా బండిని వంచిన మనిషి బొమ్మ. "సీఈ సర్టిఫైడన్నా" అని కుర్రాడు ఐరోపా ముద్ర మీద ఒట్టు పెడతాడు. ఏది సర్టిఫైడ్, బిళ్లా బూటా అని అడిగితే ఏసీ తగ్గించడానికి వెళ్లిపోతాడు.

బూటుకు బూటుగా ఐరోపాలో ఒక ప్రమాణం ఉంది, ఈఎన్ 13634. 2017 నాటి రూపం ప్రకారం, బూటు లోపలి చీటీ మీద మోటారుసైకిలు బొమ్మ, దాంతో నాలుగు అంకెలు ఉంటాయి. ఒకటి ఎత్తుకు, ఒకటి రోడ్డు రాపిడికి, ఒకటి పదును దెబ్బకు తెగకుండా నిలవడానికి, ఒకటి రెండు పక్కల నుంచీ నొక్కితే నలగకుండా ఉండటానికి. ఒక్కోదానికి 1 లేదా 2 వేస్తారు. బండి కింద కాలు ఇరుక్కున్నవాడికి ఆ నాలుగో అంకె విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

అసలు వినోదం ఇక్కడ మొదలవుతుంది. నేరుగా చీలమండకు తగిలే దెబ్బను బూటు ఎంత మింగుతుందన్న పరీక్ష ఈ ప్రమాణంలో తప్పనిసరి కాదు, ఐచ్ఛికం. అందులో కూడా నెగ్గితేనే చీటీ మీద 'ఐపీఏ' అన్న మూడక్షరాలు చేరతాయి. అంటే నాలుగు అంకెలూ సక్రమంగా ఉన్న నికార్సైన బూటు కూడా, ఆ మూడక్షరాలు లేకపోతే, చీలమండ దెబ్బ గురించి ఏ మాటా ఇవ్వనట్టే. చీలమండ విరిగి బూట్లకు వచ్చినవాడు వెతకాల్సింది వాటిని. అతగాడు వెతికేది నలుపు రంగులో తొమ్మిదో నంబరు.

ఇంట్లో నడిచే పాఠశాల వేరు. "పాతికవేలు పోసి బూట్లేమిట్రా, నా సర్వీసు బూట్లు అటక మీదున్నాయిగా" అంటాడు రిటైరైన పోలీసు మేనమామ. ఫ్యాక్టరీలో పనిచేసే బావ సేఫ్టీ షూ తెచ్చిస్తానంటాడు. సేఫ్టీ షూ ముక్కులోని టోపీ 200 జౌల్స్ దెబ్బను ఆపే మాట నిజమే, పైనుంచి వేళ్ల మీద ఇనుప దిమ్మ పడ్డప్పుడు. బండి పక్కనుంచి వస్తుంది, వేళ్లను వెతుక్కుంటూ రాదు. పైగా ఆ లావుపాటి ముక్కు గేరు లివరు కిందికి దూరడం ఒక ప్రహసనం.

మేనమామను మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆస్ట్రేలియాలో ప్రమాదాల పాలైన 212 మంది మోటారుసైకిలిస్టులను పరిశీలించి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. బండి కోసం ప్రత్యేకంగా చేయని సాదా బూట్లు తొడుక్కున్నవాళ్లకు కూడా, మామూలు షూలో జాగింగ్ షూలో వేసుకున్నవాళ్ల కంటే, పాదానికీ చీలమండకూ గాయమయ్యే ముప్పు సగానికి పైగా తక్కువని అందులో తేలింది. అటక మీది బూటు అద్దాల బీరువాలోని మెత్తటి షూను ఓడించవచ్చన్నమాట. ఈ సంగతి మేనమామ చెవిన పడకపోవడమే ఇంటిల్లిపాదికీ క్షేమం. ఆయనకు హెల్మెట్ మీద కూడా అభిప్రాయాలున్నాయి.

కాలికి ఇంత మీమాంస జరుగుతుండగా బండికి ఏ లోటూ రాలేదు. కొన్ననాడే లెగ్ గార్డు బిగించారు. పేరు కాలిది, కాపాడేది ఇంజనుని. హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్‌లో 900 ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చింది. ఈ కమ్మీల వల్ల పాదానికీ చీలమండకూ తగ్గిన గాయాలు, తొడకూ మోకాలికీ పిక్కకూ పెరిగిన గాయాలతో సరికి సరి అయ్యాయని అందులో తేల్చారు. గాయం ఇల్లు ఖాళీ చేయలేదు, పై అంతస్తుకు మారింది.

ఈ పై అంతస్తు గొడవ ఖరీదైన బూట్లవాళ్లకూ తెలిసిందే. ఆల్పైన్‌స్టార్స్, సిడి, గేర్నె, టీసీఎక్స్ అన్నీ ఇటలీలో మాంటెబెల్లూనా, ఆ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టినవే. కొండలెక్కే బూట్లకూ, స్కీయింగ్ బూట్లకూ పేరుపడ్డ సీమ అది. స్కీయింగ్‌లో బూట్లు పొడుగై గట్టిపడ్డకొద్దీ చీలమండ గాయాలు బాగా తగ్గాయి. మోకాలి లిగమెంట్లు తెగడం పెరిగింది. ఇది చెవిన పడని రెండో రకం వీరుడు ఒకడున్నాడు. వాడు ఒకసారి కాలు మడతపడగానే మోకాలి దాకా ప్లాస్టిక్ కవచమున్న మోటోక్రాస్ బూటు తెప్పిస్తాడు. బురదలో గాల్లోకి ఎగిరే ఆటకు అది దివ్యమైన బూటు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో మాత్రం వెనక బ్రేకు ఎంత నొక్కుతున్నాడో వాడి పాదానికి కబురు అందదు. ఆదివారం టిఫిన్ రైడులో ఇడ్లీ బండి దగ్గర అందరూ వచ్చి రేటు అడుగుతారు గనక, ఆ ఖర్చు వృథా అనలేం.

గాయపడ్డ కాలికి కావాల్సింది ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది, అది సోఫాలో దొరకదు. సాయంత్రానికి కాలు వాస్తుంది కాబట్టి సాయంత్రమే వెళ్లాలి. దూర్చి లాక్కునే బూటు వద్దు. జిప్పో బకిలో ఉండి వెడల్పుగా తెరుచుకోవాలి. కాలి లోపల ప్లేటూ స్క్రూలూ ఉంటే, బూటులో చీలమండను కప్పే గట్టి గిన్నె అంచు సరిగ్గా వాటి మీద ఒత్తుకోకుండా చూడాలి. రెండు చేతులా పట్టి అడుగును మెలిపెడితే మెలి తిరగకూడదు. అన్నిటికంటే ముందు బండెక్కి, గేరు పైకీ కిందికీ మార్చి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి చూడాలి. బండి దుకాణం ముందే ఉంది. కానీ ఆ మాట అంటే, "సోలు మాసిపోద్దన్నా" అంటాడు కుర్రాడు.

ఎండ సాకును మాత్రం మన్నించాలి. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో పొడుగు బూటు వేసుకోమనేవాడు ముందు తాను వేసుకుని గంటసేపు నిలబడాలి. నీళ్లు దూరని పొర ఉన్న బూటు ఆ వేడిలో చెమటనూ సరిగా బయటికి పోనివ్వదు. గాలి ఆడే రకాలు ఉన్నాయి, కాస్త ఖర్చవుతుంది. ఖరీదు సాకుకు మాత్రం మన్నింపు లేదు. మోత కోసం బండ్లకు బిగించుకోగా, విశాఖ బీచ్ రోడ్డులో పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించిన సైలెన్సర్లను ఎవరూ ఉచితంగా పంచలేదు.

చట్టం వైపు చూస్తే, దానికి తల మీద ఉన్న ప్రేమ కాలి మీద లేదు. అందుకు న్యాయమూ ఉంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల వాళ్లు. చీలమండ ఆ లెక్కలోకి రాదు, అది చావదు కదా. 2019 సెప్టెంబరులో కొత్త జరిమానాలు అమల్లోకి వచ్చినప్పుడు, చెప్పులు వేసుకుని బండి నడిపితే ఫైనట అని ఒక పుకారు పుట్టింది. దేశం గుండె గుభేలుమంది. అలాంటి నిబంధనేమీ లేదని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ కార్యాలయమే ప్రకటించాల్సి వచ్చింది. ఆ ఊరటతో చెప్పులు మళ్లీ గేరెక్కాయి.

చట్టం కాలిని పట్టించుకున్న చోటు ఒకటుంది, అదీ వెనక సీట్లో. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది వెనక కూర్చునేవారికి చేత్తో పట్టుకునే ఆధారం, కాలు పెట్టుకునే చోటు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలంటుంది. ఆ కప్పే రక్షణనే లుక్కు పాడవుతోందని విప్పించి మూల పడేసినవాళ్లు వీధికి నలుగురుంటారు. వాళ్ల వెనక రెండు కాళ్లూ ఒకే పక్కకు వేలాడేసి కూర్చున్న ఇల్లాలు, చెప్పు జారిపోకుండా వేళ్లతో బిగపట్టుకుని ప్రయాణం చేస్తుంది. ఆవిడకూ ఒక జత బూట్లు తీసుకోరాదా అంటే, "వెనక సీటుకు గేర్లుండవు కదండీ" అని జవాబు.