పిలవని చుట్టం

తాబేలనగానే మీకు కుందేలుతో పందెం గుర్తొస్తుంది. నేను మాత్రం ఏ పందెమూ గెలవలేదు. ఒకటి ఓడిపోయాను. ఆ ఓటమినే పిల్లల బొమ్మల పుస్తకంగా అచ్చేశారు.

నా పేరు మ్జీ. స్వాహిలీలో పెద్దాయన అని అర్థం. 2004 నాటికి నా వయసు 130 ఏళ్ల దాకా ఉంటుందనేవారు. ఉండేది కెన్యాలో, మొంబాసా దగ్గరి హాలర్ పార్కులో. ఒకప్పుడు ఇది సిమెంటు కోసం సున్నపురాయి తవ్వి వదిలేసిన గొయ్యి. 1971లో రెనే హాలర్ అనే ఆయన ఇక్కడ మొక్కలు నాటడం మొదలుపెట్టారు. ఆ రాతినేలలో నిలదొక్కుకున్నది సరుగుడు, మీ సముద్రతీరాల్లో పెరిగేదే. రాలిన ఆకును రోకలిబండ పురుగులు తిని మట్టి చేశాయి. ఆ మట్టిలో అడవి లేచింది.

2004 డిసెంబరు 26న మీ కృష్ణా, నెల్లూరు తీరాలను ముంచిన సునామీ మా వైపూ వచ్చింది. అంతకుముందే వరదకు సబాకి నది నుంచి సముద్రంలోకి కొట్టుకొచ్చిన నీటిగుర్రాల్లో ఒక పిల్ల ఆ అలలకు మలింది దగ్గర ఒంటరిగా చిక్కుపడింది. మర్నాడు జనమంతా కలిసి వలలు వేసి పట్టారు. దాన్ని ఒడిసిపట్టిన మనిషి పేరే దానికీ పెట్టారు: ఓవెన్. ఏడాది పిల్లే అయినా 270 కిలోల దాకా ఉంది.

మా పార్కుకు తెచ్చి కట్లు విప్పగానే వాడు తిన్నగా నా వెనక్కి వచ్చి నక్కాడు. బూడిదరంగు, గుండ్రటి వీపు చూసి అమ్మే అనుకున్నాడేమో. పొమ్మనలేక పొగబెట్టే రకం కాదు నేను. ముఖం మీదే బుస్సుమన్నాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. లేచి అవతలికి పోయాను. వెంట వచ్చాడు. మళ్లీ జరిగాను. మళ్లీ వచ్చాడు. నా నడకతో ఎంత దూరం పారిపోగలను? తెల్లారేసరికి వాడి తడి మూతి నా డిప్పకు ఆనుకుని ఉంది. ఊపిరి వెచ్చగా తగులుతోంది. నేను కదల్లేదు.

పెట్టిన మేత ముట్టనివాడు నా పక్కన చేరాక ఆకులు నమలడం మొదలుపెట్టాడు. రాత్రి మేసే జాతి అయినా నాతోపాటు పగలే మేసి, రాత్రి పడుకునేవాడు. నేను ఆగితే నెమ్మదిగా వెనక కాలు కొరికి నడిపించేవాడు.

పీటర్ గ్రెస్టే తీసిన మా ఫొటోను పత్రికలో చూసిన ఆరేళ్ల అమెరికా పాప ఇసబెల్లా హాట్‌కాఫ్ మా కథ చెప్పాలని పట్టుబట్టింది. తండ్రి క్రెయిగ్, పార్కులో మా బాగోగులు చూసిన పాలా కహుంబూ ఆమెతో చేయి కలిపారు. 2006లో పుస్తకం వచ్చింది.

అది చదివి నన్ను ధర్మాత్ముణ్ణి అనుకోకండి. నేను చేసిందల్లా ఇంకోసారి అవతలికి జరక్కపోవడమే. మా జాతి పుట్టిల్లు సీషెల్స్‌లోని అల్డాబ్రా. సరుగుడూ ఈ నేలది కాదు. పరాయి చెట్టు నీడలో పరాయివాణ్ణి నేను, మరొకణ్ణి పొమ్మని బుసకొట్టాను.

2007లో ఓవెన్‌ను క్లియో అనే నీటిగుర్రం దగ్గరికి చేర్చారు. వాడి జాతి తోడు వాడికి దొరికింది. ఆ మర్నాడు మేతకని నాలుగడుగులు వేసి ఆగాను. వెనక కాలు ఎవరూ కొరకలేదు.