అయిదో బోల్టు

నాలుగు బోల్టులు మర్యాదగా వచ్చేశాయి. అయిదోది రాలేదు. వేట నిషేధం మొదలైన దగ్గర్నుంచీ మా ఇంట్లో కంచాల ముందు కూడా దాని గురించే మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రానికి సెలవు, పడవ ఇంజిన్లకి వైద్యం. గేర్‌బాక్స్ దింపితేగానీ నీళ్ల పంపులో రబ్బరు పంకా మార్చలేం. అయిదూ విప్పితేగానీ గేర్‌బాక్స్ దిగదు.

ఆ అయిదోదాన్ని ఎక్కడ పెట్టారనుకున్నారు? పడవని తోసే పెద్ద పంకా పైన చిన్న రెక్క ఉంటుంది. అది విప్పితే, దాని వెనక, లోతు గుంటలో. సుత్తి దూరదు. వంగి చూద్దామంటే మన తలే వెలుతురుకి అడ్డం. విప్పేవాడి మీద పాతకక్ష ఉంటే తప్ప అలాంటిచోట బోల్టు పెట్టరు.

రేవులో ప్రతివాడూ "తుప్పండీ" అని తేల్చేసి వెళ్తాడు. తుప్పు కాదు. బోల్టేమో స్టెయిన్‌లెస్ స్టీలు, గేర్‌బాక్స్ ఒళ్లేమో అల్యూమినియం. రెండిటి మధ్యా ఉప్పునీరు చేరితే సన్నగా కరెంటు పుడుతుంది. స్టీలు నిక్షేపంలా ఉంటుంది. అల్యూమినియం కరిగి తెల్లపొడై, మరల్లో ఉబ్బి బిగుసుకుంటుంది. ఇలా జరక్కుండానే ఆ రెక్కని జింకుతో చేస్తారు, ఉప్పునీరు ముందు దాన్నే తినాలని. మాకీ ఇంజిన్ సెకండ్‌హ్యాండ్‌లో అంటగట్టిన మహానుభావుడు ఆ జింకుకి దట్టంగా నల్లరంగు పూశాడు, అందం కోసం కాబోలు. రంగు పూసిన జింకు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అసలు ఈ పాపమంతా ఒక ఐస్‌క్రీముది. అమెరికాలో, విస్కాన్సిన్‌లో, నార్వే నుంచి వలసొచ్చిన ఓలే ఎవిన్‌రూడ్ అనే కుర్రాడున్నాడు. సరస్సు ఒడ్డున పిక్నిక్‌లో బెస్ అనే అమ్మాయి ఐస్‌క్రీమ్ అడిగిందట. పాపం, తెడ్డేసుకుంటూ అవతలి ఒడ్డుకి వెళ్లి తెచ్చేసరికి అది కరిగి పాలైందట. ఆ కడుపుమంటతో పడవ వెనక తగిలించే మోటారు చేసి, 1909లో అమ్మకానికి పెట్టాడు. బెస్ ఆయన్ని పెళ్లాడి వ్యాపారం చూసుకుంది.

అదే ఆ పిల్ల కాకినాడ పిల్లయితే? కాజా అడిగేది. కాజా కరగదు. సాయంత్రానికి చేరినా లోపలి పాకం లోపలే ఉంటుంది. ఆత్రేయపురం పిల్లయితే పూతరేకులు. మోటారు కుదుపుకి అవి పొడైపోతాయి కాబట్టి, "మెల్లిగానే రండి" అని తనే చెప్పేది. తాపేశ్వరం పిల్లయితే మడతకాజా. తెడ్డు విరిగినా, ఈదుకుంటూ వచ్చినా నష్టం లేదు. గోదావరి జిల్లాల్లో ఏ ఊరి పిల్లని ప్రేమించినా ఈ మోటారు పుట్టేది కాదు, గేర్‌బాక్స్ పుట్టేది కాదు, నా వేళ్లకి ఈ కట్లుండేవి కావు.

మా నాన్న తెడ్డేసిన మనిషే. చివరి రోజుల్లో కుడిచెయ్యి భుజం దాటి లేచేది కాదు. చొక్కా అమ్మే తొడిగేది. ఆయన పోయిన ఏడాదే అన్నయ్య అప్పు చేసి ఇంజిన్ కొన్నాడు. ఆఫీసులో ఫ్యాను కింద కూర్చునే నేను ఎవిన్‌రూడ్ మీద జోకులేస్తున్నాను గానీ, ఆ పిల్ల ఐస్‌క్రీమ్ ఇంకాస్త ముందే అడిగుంటే బాగుండేది. ఇంజిన్ మా రేవుకి ఇంకాస్త ముందే వచ్చేదేమో.

చివరికి మెకానిక్ బోల్టు చుట్టూ గ్యాస్ మంట ఆడించాడు. వేడికి స్టీలు కంటే అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. నేను విప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆయ్, ముందు బిగించాలండీ. ఓ పిసరు బిగిస్తే పొడి చిట్లుద్ది, అప్పుడు విప్పాల."

కిర్రుమంది. వచ్చింది. బోల్టుకి గీతైనా పడలేదు, గేర్‌బాక్స్ మరలని మాత్రం వెంటబెట్టుకొచ్చింది. కొత్త మరలు వెయ్యాలంటే లేతు షాపుకి పోవాలి. లేతువాడు రేపు రమ్మన్నాడు. ఏ నెల రేపో చెప్పలేదు.

ఈలోగా కొత్త జింకు రెక్క కొనుక్కొచ్చాం. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఒరేయ్ తమ్ముడూ, ఆ పెయింటు డబ్బా ఎక్కడుందిరా?" అన్నాడు.