ఊకకు గడి కలదు, బూడిదకు?

చక్రీయ ఆర్థిక విధానమును కొలుచుటకు 2024లో ఐఎస్ఓ 59020 అను ప్రమాణము వెలువడుటయు, అంతకుముందే 2022-23 మొదలుకొని అగ్రశ్రేణి వేయి లిస్టెడ్ కంపెనీలు తమ వ్యర్థముల లెక్క చూపవలెనని సెబీవారు శాసించుటయు గోదావరి మండలపు రైసుమిల్లులకు విస్మయకరములు కానేరవు. ఏలయనగా పుట్టెడు ధాన్యములో ఇంచుమించు ఐదవ వంతగు ఊకను బాయిలరుకును, తవుడును నూనె మిల్లుకును, నూకలను దాణాకును పంపి, పారవేయుట యెరుగని వ్యాపారము వారిది. (మన మిల్లులలో సెబీ కంటబడునవి అరుదు, అది వేరు సంగతి.) తణుకులో 1947లో వెలసిన ఆంధ్రా షుగర్సు వారు మొలాసిస్ నుండి ఆల్కహాలు తీయుటయు నేటి మాట కాదు.

కొరత యెల్ల కొలతలోనే. భీమవరమున రొయ్యల తలలును పెంకులును కైటోసానుకు ముడిసరుకని కీర్తింపబడుచుండగా, ఊరి మురుగును మోయు యనమదుర్రు డ్రెయిను మాత్రము ఏ కంపెనీ ప్రహరీలోపలను పారదు గనుక ఏ కంపెనీ పట్టికలోను పారదు. ఇక కాలిన ఊకలో ఐదవ వంతు బూడిదగా మిగులును గదా. అందు కొంత ఇటుకల బట్టీకి పోవును, కొంత పొగగొట్టము దారిని పొరుగిల్లాలు డాబాపై పెట్టిన వడియములపై వ్రాలును. నివేదిక వ్రాయు సలహాదారుడు మొదటిదానిని ‘పునర్వినియోగము’ గడిలో సగర్వముగా నింపి, రెండవదానికి గడి కానక కలము మూయును. అదియు పునర్వినియోగమే గదా యని యడిగినచో, తినినవారి సంతకముతో రసీదు తెండనును.