చచ్చిన కంప్యూటర్ ఇచ్చే బతుకు పత్రం

2025 అక్టోబర్ 14, మంగళవారం నాడు, మా చెన్నూరులో ఒక మీసేవ కేంద్రంలో కంప్యూటర్ చనిపోయింది. చావు కబురు అమెరికా నుంచి వచ్చింది. కబురు అందే వేళకు మృతుడు ఒక రైతుకు కుల ధ్రువీకరణ పత్రం తీసి ఇస్తున్నాడు. ఫ్యాను తిరుగుతోంది, తెర వెలుగుతోంది, ప్రింటరు ఎప్పటిలాగే కాగితాన్ని నమిలి ఉమ్ముతోంది. అయినా చావు చావే. రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ పెద్దలు పోయాడన్నాక, చెన్నూరులో కూర్చుని పోలేదనడానికి మనమెవరం?

విండోస్ 10కు ఆయుష్షు తీరిందని మైక్రోసాఫ్ట్ చెప్పిన సంగతి మీకు తెలిసిందే. ఇక భద్రతా అప్‌డేట్లు రావు. 11కు మారండి, మారలేని పెట్టె అయితే కొత్తది కొనుక్కోండి అని కంపెనీ హితవు. 2015లో ఇదే కంపెనీ ఉద్యోగి ఒకాయన సభలో నిలబడి, ఇదే ఆఖరి విండోస్ అన్నాడు. ఆయనది అబద్ధమని ఇప్పుడెవరూ అనలేరు. మా మీసేవ కంప్యూటర్‌కు నిజంగానే అది ఆఖరిది అయింది.

ఇంతకీ రోగమేమిటి? సింగరేణి కార్మికుడిని అన్‌ఫిట్ చేయాలంటే మెడికల్ బోర్డు ముందు నిలబెట్టాలి, పరీక్షలు చేయించాలి, డాక్టర్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. కంప్యూటర్‌కు అంత తతంగం అక్కర్లేదు. 'పీసీ హెల్త్ చెక్' అని కంపెనీదే ఒక బోర్డు ఉంది. బటన్ నొక్కగానే తీర్పు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే ముందు పుట్టిందా, అన్‌ఫిట్. టీపీఎం 2.0 అనే చిప్పు లేదా, అన్‌ఫిట్. సెక్యూర్ బూట్ లేదా, మళ్లీ అన్‌ఫిట్. సింగరేణిలో తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి నౌకరి దొరుకుతుంది. ఇక్కడ కొడుకును కూడా మనమే మంచిర్యాల పోయి కొనుక్కొచ్చుకోవాలి, 18 శాతం జీఎస్టీ కట్టి. 2025 సెప్టెంబర్ 22న పెద్ద టీవీల మీద పన్ను 28 నుంచి 18కి దిగింది. కంప్యూటర్ మీది 18 మాత్రం ఉన్నచోటనే ఉంది. సీరియల్ చూసేవాడి మీద ఉన్న దయ సర్టిఫికెట్ తీసేవాడి మీద లేదు.

సరే, పోయినవాళ్లను ఊరికే సాగనంపడం మా ఊరి పద్ధతి కాదు. చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఉత్తర వాహిని అని ఎక్కడెక్కడివాళ్లో వచ్చి ఇక్కడ అస్థికలు కలుపుతారు. 11కు మారలేని కంప్యూటర్లు ప్రపంచంలో 24 కోట్ల దాకా ఉంటాయని కెనాలిస్ అనే సంస్థ 2023లోనే లెక్క కట్టింది. వాటన్నిటి కర్మకాండా మా ఘాట్‌కు తిప్పితే, ఊళ్లో హోటళ్లు, పూల కొట్లు, ఆటోలు అన్నీ బాగుపడతాయి. ధర కనుక్కుందామని ఒక అయ్యగారిని అడిగాను.

"గోత్రమేంది?" అన్నారు.

"ఇంటెల్. ఆరో తరం."

"పిండాలకు మూడు తరాలు చాలు సారూ, ఆరు దేనికి?"

కర్మ సంగతి తర్వాత, ముందు మరణ ధ్రువీకరణ పత్రం కావాలి కదా. అది మీసేవలోనే పెట్టుకోవాలి. ఆ మీసేవలో ఉన్న కంప్యూటర్ ఒక్కటే. అందుకని మృతుడు తన చావు దరఖాస్తును తానే నింపుకున్నాడు. పేరు: డెస్క్‌టాప్. తండ్రి పేరు: అసెంబుల్డ్. మరణ కారణం: చిప్పు లేమి. వారసులు: మౌసు, కీబోర్డు, ఒక ప్రింటరు (దాని డ్రైవరును కొత్త ఇంట్లోకి రానిస్తారో లేదో ఇంకా తేలలేదు). చావు కబురు చెప్పినవారు: మన తెలుగాయనే, హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదువుకున్న సత్య నాదెళ్ల. మృతుడితో ఆయన సంబంధం ఏమిటని ఒక గడి ఉంది. ఆపరేటర్ తమ్ముడు చాలాసేపు ఆలోచించి 'యజమాని' అని కొట్టాడు. అప్పటిదాకా ఆ కంప్యూటర్ తనదే అనుకుంటున్నాడు, పాపం.

శవాన్ని మోసుకుపోతూ దారిలో ఒకచోట దింపుతారు. చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. లేస్తాడేమోనని దింపుడు కల్లం ఆశ. మైక్రోసాఫ్ట్ ఈ ఆచారాన్ని కూడా వదల్లేదు, పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు ఈఎస్‌యూ అని పేరు పెట్టి ధర కట్టింది. ఇంటి కంప్యూటర్‌కు 30 డాలర్లు, అంటే రెండు వేల ఆరు వందల పైచిలుకు రూపాయలు కడితే 2026 అక్టోబర్ 13 దాకా చెవిలో పిలుస్తూనే ఉంటారు. డబ్బు లేకపోతే వాళ్ల వెయ్యి రివార్డ్ పాయింట్లు ఇవ్వొచ్చు. అవీ లేకపోతే మన సెట్టింగులన్నీ వాళ్ల క్లౌడ్‌లో దాచడానికి ఒప్పుకోవాలి. చావింట్లో బీరువా తాళాలు అడిగినట్టు. వ్యాపారం చేసుకునే పెట్టె అయితే తొలి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది దానికి రెట్టింపు, మూడో ఏడాది దానికీ రెట్టింపు.

యూరప్‌లో ఇళ్లలో వాడుకునేవాళ్లకు మాత్రం ఈ ఏడాది పిలుపు ఉచితం. అక్కడి వినియోగదారుల సంఘాలు గొడవకు దిగితే సెప్టెంబర్‌లో కంపెనీ దిగివచ్చింది. అదే చిప్పు, అదే తరం, అదే రోగం. పారిస్‌లో పోయినవాడు ఊరికే లేచి కూర్చుంటాడు, చెన్నూరులో పోయినవాడు పైసలో తాళాలో ఇస్తేనే కళ్లు తెరుస్తాడు.

ఈ కంపెనీ చచ్చినవాళ్లను లేపడం కొత్తేమీ కాదు. విండోస్ ఎక్స్‌పీ 2014 ఏప్రిల్‌లో పోయింది. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బులడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా వదల్లేదు. అప్పుడు కంపెనీ ఏం చేసింది? మూడేళ్ల కిందట కాష్టం పెట్టిన ఎక్స్‌పీకి రాత్రికి రాత్రి మందు పంపింది. పాడె మీదున్నవాణ్ని లేపడమంటే అర్థం చేసుకోవచ్చు, వీళ్లు బూడిదకు సూది వేశారు. అంటే ఈ చావులు వైద్యుడు చెప్పేవి కావు. లెక్కల గుమస్తా చెప్పేవి.

ఒక మాట. అప్‌డేట్లు ఉత్తివని నేననడం లేదు. వానాక్రైని ఆపే మందు ఆ ఏడు మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లే మేలో పడిపోయారు. మందు అందని యంత్రం నిజంగానే ప్రమాదం. అందుకే, మందు చేతిలో ఉండి ఆపేవాడిని చూస్తే మండుతుంది.

వచ్చేది నవంబర్. అసలు తమాషా అప్పుడు చూడాలి. మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్ గనుల్లో పనిచేసి దిగిపోయినవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఉన్నారు. తాము బతికే ఉన్నామని వాళ్లు ఏటా రుజువు చూపాలి. లేకపోతే పింఛను ఆగుతుంది. దీనికోసమే 2014 నవంబర్‌లో ప్రధాని జీవన్ ప్రమాణ్ మొదలుపెట్టారు. మీసేవకు పోవాలి, వేలు పెట్టాలి, అది ఆధార్‌లో ఉన్న ముద్రతో కలవాలి. కలిస్తే బతికున్నట్టు. ముఖం చూపించే యాప్ కూడా ఉంది, దానికి మంచి ఫోను ఉండాలి.

"బాపూ, వేలు గట్టిగ ఒత్తు."

"ఒత్తుతున్న బిడ్డా."

"కలుస్తలేదే. ఇంకో వేలు పెట్టు."

"పది అయిపోయినయ్. ఇగ కాళ్లయి పెట్టమంటవా?"

ముప్పై ఏళ్లు బొగ్గు తవ్విన చేతులవి. గీతలు గనిలోనే అరిగిపోయాయి. మనిషి ఎదురుగా కూర్చుని దగ్గుతున్నాడు, కంప్యూటర్ మాత్రం నమ్మదు. ముసలాయన తెర వైపు చూసి, ఆపరేటర్ వైపు చూసి అడుగుతాడు: "గా మిషన్ సచ్చిందంటిరి గదరా. సచ్చిన మిషన్ నన్ను సచ్చినవంటాంది. ఎవలి మాట నమ్మాలె?"

ఇంక నవ్వు రావడం లేదు. భద్రత, భద్రత అని ఈ వారమంతా చెవిలో జోరీగలా వినిపించిన మాట గురించి సూటిగా మాట్లాడుకుందాం. 2023 మార్చిలో టీఎస్‌పీఎస్సీ ప్రశ్నపత్రాలు బయటికి పోయింది విండోస్ ముసలిదైనందుకా? కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్‌లోకి దూరింది ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లేనని పోలీసులే చెప్పారు. ఏ చిప్పు ఆపగలదు దాన్ని? 2022 అక్టోబర్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసిన రెండు లక్షల ఎనభై వేల పైచిలుకు మంది చదువు ఆ ఒక్క పెట్టె పాలైంది. 2023 జూన్‌లో మళ్లీ రాశారు. ఆ పరీక్షను హైకోర్టు రద్దు చేసింది. ఎందుకో గుర్తుందా? అభ్యర్థుల బయోమెట్రిక్ తీసుకోలేదని! అరిగిన వేళ్ల ముసలాయనతో పది వేళ్లూ పెట్టించే మన సర్కార్లకు, అంత పెద్ద పరీక్షలో ఒక్కొక్కరి దగ్గర ఒక్క వేలు తీసుకోవడం చేతకాలేదు. పిల్లలు మూడోసారి 2024 జూన్‌లో రాశారు. అదే ఏడాది హాక్ ఐ యాప్‌లోంచి జనం వివరాలు బయటపడ్డాయి. ఆ యాప్ నడిపేది రాష్ట్ర పోలీసులు, మీసేవ తమ్ముడు కాదు.

కానీ శిక్ష మాత్రం తమ్ముడికే. కొత్త డెస్క్‌టాప్‌కు అప్పు చేయాలి. అప్పు పుట్టకపోతే, చచ్చిన విండోస్‌తోనే జనం ఆధార్ నంబర్లు కొడుతూ కూర్చోవాలి. లేదా ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన 'క్రాక్' విండోస్ 11 ఎక్కించుకోవాలి. అందులో ఏ దొంగ ముందే దూరి ఉన్నాడో ఎవరికెరుక? భద్రత పేరు చెప్పి తీసుకున్న నిర్ణయం పేదవాడి కంప్యూటర్‌ను దొంగ సరుకు వైపు తోస్తోంది. ఆ కంప్యూటర్‌లో ఉన్నవి మా పట్టాలు, మా కులం కాగితాలు, మా ఆధార్‌లు. దీన్ని భద్రత అనకండి, అమ్మకం అనండి.

గచ్చిబౌలిలో మైక్రోసాఫ్ట్ కొత్త భవనాన్ని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి స్వయంగా ప్రారంభించారు. నగరం చుట్టూ ఆ కంపెనీ డేటా సెంటర్లు కట్టుకుంటోంది. రిబ్బన్ కత్తిరించిన చేత్తోనే ఒక ఉత్తరం రాయవచ్చు: మీసేవ కేంద్రాలకు, సర్కారు బడులకు, గ్రామ పంచాయతీలకు మూడేళ్ల అప్‌డేట్లు పైసా అడగకుండా ఇవ్వండి అని. యూరప్ వాళ్లు అడిగారు, తెచ్చుకున్నారు. మీరూ అడగండి. ఆ ఉత్తరం నవంబర్ ఒకటిలోగా పోవాలి, ఎందుకంటే ఆ రోజు నుంచే మా ముసలాళ్లు లైన్లో నిలబడతారు.