తప్పు ఎక్కడ జరిగిందో చూపిస్తాను

నేను ఏడో తరగతి గదిలో నల్లబల్లని. సిమెంటు గోడని నున్నగా చేసి నల్లరంగు పూస్తే పుట్టాను. మా పాతకాలం వాళ్లకి బొగ్గుపొడి, ఆకుపసరు కలిపి పూసేవారు. అప్పుడైనా ఇప్పుడైనా మా పని ఒకటే: లెక్కని మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా నలుగురికీ కనబడేలా ఉంచడం.

ఆ పని నాకు దాదాపు లేకుండా పోయింది. బడి పేరు చివర ‘కాన్సెప్ట్ స్కూల్’ చేరిన ఏడాది నా నడుమన మేకులు దిగ్గొట్టి డిజిటల్ ప్యానెల్ బిగించారు. దాన్ని తప్పుపట్టను. శంకువుని తిప్పి అన్నివైపులా చూపిస్తుంది, సుద్దముక్కకి అది సాధ్యం కాదు. నా బాధంతా దాని వెంట వచ్చిన పద్ధతితోనే.

ఏడో తరగతికే ఐఐటీ ఫౌండేషన్. వారం వారం బిట్లు, ఓఎంఆర్ షీటు, తప్పుకి మైనస్ మార్కు. ఎంసెట్ పేరు మారినా 160 ప్రశ్నలకి 180 నిమిషాలన్న తొందర మారలేదు. ఆ తొందరని పన్నెండేళ్ల పిల్లల మీదికి ఇప్పుడే తెచ్చిపెట్టారు. ఆప్షన్లు ఒక్కొక్కటీ పెట్టి చూడు, సరిపోయినదానికి గడి నింపు. లెక్క చేయడం ఎక్కడుంది ఇందులో?

మొన్న ఒక పాప, 612ని 6తో భాగిస్తే ఎంత అన్న బిట్‌కి 12 అని నింపింది. షీటు తప్పని చెప్పింది, అంతకుమించి దానికేం తెలియదు. లెక్కల మాస్టారు పాపని ప్యానెల్ పక్కన మిగిలిన నా దగ్గరికి పిలిచారు.

“చేసి చూపించమ్మా.”

6లో 6 ఒకసారి. 1 దించింది. 1లో 6 పోదు. అక్కడ సున్నా పెట్టకుండానే 2 కూడా దించేసి, 12లో 6 రెండుసార్లు అంది. తప్పు అక్కడుంది, గదిలో అందరికీ కనబడుతోంది.

“600 మందిని ఆరు వరసల్లో నిలబెడితే వరసకి ఎంతమంది?”

“వంద, సార్.”

“మరి 612 మందైతే పన్నెండేనా?”

పాప కాసేపు తన అంకెల వంకే చూసింది. ఎవరూ చెప్పకుండానే 1కి, 2కి మధ్య సున్నా ఇరికించింది.

దానికి సగం పీరియడు పట్టింది. మైక్రో షెడ్యూల్ వెనకబడిందని మాస్టారికి ఇన్‌ఛార్జి దగ్గర మాట పడింది. ఆ సున్నా విలువ షెడ్యూల్ రాసినవాళ్లకి తెలియదు. స్థానవిలువ పట్టుబడని పిల్ల రేపు దశాంశాల్లో తడబడుతుంది, ఆపైన బహుపదుల భాగహారం దగ్గర ‘నాకు లెక్కలు రావు’ అని తీర్మానించుకుంటుంది.

పిల్లల ఆలోచనా తీరునే గణితం వైపు మళ్లించడం లెక్కల చదువుకి ముఖ్య లక్ష్యమని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. అది గడులు నింపితే వచ్చేది కాదు. డిసెంబరు 22న గణిత దినోత్సవమని ప్యానెల్ మీద రామానుజన్ ఫొటో వేస్తారు. కాగితం కొనే స్తోమత లేక ఆయన లెక్కలు చేసింది పలక మీద, తుడిచింది మోచేత్తో. నా జాతిదే ఆ పలక.

వారానికి ఒక్క పీరియడు ఇవ్వండి. దానికి పరీక్ష వద్దు, ర్యాంకు వద్దు. పిల్లల్ని ఒక్కొక్కరినే నా దగ్గరికి పంపండి, తప్పుగానైనా సరే, మొత్తం లెక్క రాయనివ్వండి. ప్యానెల్ పక్కన నాకింకా రెండు మూరల చోటుంది. ఒక భాగహారానికి అది చాలు.