దూరపు రికార్డులు నునుపు

సంగీతాభిమానుల్లో ఒక ప్రత్యేక శాఖ ఉంది. పాట ఎవరు పాడారన్నది వీరికి ముఖ్యమే గానీ, ఆ పాట ఏ దేశపు కర్మాగారంలో అచ్చైందన్నది అంతకంటే ముఖ్యం. ఒక కళాకారుడి ఆల్బమ్‌లన్నీ గట్టి అట్టపెట్టెలో పేర్చి, ఒక లావుపాటి పుస్తకం జోడించి, పరిమిత సంఖ్య అని ముద్ర వేసి అమ్మే బాక్స్ సెట్లే వీరి పూజాగది. ఒక పెట్టె కొన్నవాడు వట్టి అభిమాని. అదే పెట్టెను అమెరికా నుంచి ఒకటి, జర్మనీ నుంచి ఒకటి, జపాన్ నుంచి ఒకటి తెప్పించి, పక్కపక్కన పరిచి తీర్పు చెప్పినవాడు పండితుడు. జపాన్ ప్రతిలో వయొలిన్లు పట్టులా జారతాయట. జర్మన్ ప్రతిలో బేస్‌కు క్రమశిక్షణ ఎక్కువట. అమెరికా ప్రతి కాస్త మొరటుగా అరుస్తుందట. ఆయా దేశాల గురించి సినిమాలు చూసి ఏర్పరచుకున్న అభిప్రాయాలే సరిగ్గా రికార్డు గాడుల్లోంచి కూడా వినిపించడం ఈ విద్యలోని విశేషం. జర్మన్ ప్రతి అల్లరిగా ఉందని, జపాన్ ప్రతి తాగి తూలుతోందని ఇంతవరకూ ఎవరూ తీర్పు చెప్పలేదు. చెవి చెప్పే సాక్ష్యం అట్ట మీది అక్షరాలతో ఇంత చక్కగా కలిసిపోతుంటే, సాక్షి చెవేనా, లేక కన్నా అని అడగక తప్పదు.

ఈ శాఖ పెద్ద పీట వేసిన బీటిల్స్‌నే తీసుకుందాం. 2012 నవంబరులో వాళ్ల స్టీరియో ఆల్బమ్‌లు వినైల్ పెట్టెగా వచ్చాయి: 14 ఆల్బమ్‌లు, 16 రికార్డులు, 252 పేజీల పుస్తకం. అమెరికాలో అమ్మిన పెట్టెలకు రికార్డులు కాలిఫోర్నియాలోని రెయిన్‌బో కర్మాగారం నొక్కింది. యూరప్ పెట్టెలకు జర్మనీలోని రోబెల్ అనే ఊళ్లో ఉన్న ఆప్టిమల్ నొక్కింది. రెండింటికీ మూలమైన గాడులు లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో షాన్ మెగీ అనే ఇంజనీరు కోసినవే. ఆయన కోసింది కూడా 1960ల నాటి టేపుల నుంచి నేరుగా కాదు. 2009లో సీడీల కోసం శుభ్రపరిచిన డిజిటల్ ఫైళ్లు, 24 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్, అక్కడ ఆధారం. డిజిటల్ అంటే ప్రాణం లేనిదని, వినైల్ అంటే వెచ్చదనమని ఏళ్ల తరబడి బోధించినవారే, ఆ డిజిటల్ ఫైళ్ల నుంచి పుట్టిన గాడుల్లో కాలిఫోర్నియా వెచ్చదనం తక్కువనీ, జర్మనీ వెచ్చదనం ఎక్కువనీ తూకం వేశారు. ఎండలకు పేరుమోసిన కాలిఫోర్నియా కంటే ఉత్తర జర్మనీ వెచ్చగా ఉండటం భూగోళ శాస్త్రానికి కొత్త సంగతి.

కర్మాగారానికీ కర్మాగారానికీ తేడా ఉండదా అంటే, ఉంటుంది. గాడి కోసిన లక్కర్ పళ్లేనికి నికెల్ పూత పట్టించి అచ్చు తీస్తారు. ఆ అచ్చు నుంచి ఇంకో అచ్చు, దాని నుంచి స్టాంపర్. రెండు స్టాంపర్ల మధ్య వేడి పీవీసీ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు. నడిమి బెజ్జం కాస్త పక్కకు పడితే స్వరం ఊగుతుంది. ముద్ద గాడుల్లోకి పూర్తిగా పారకపోతే బరబరమంటుంది. సరిగా చల్లారకముందే తీస్తే పళ్లెం వంగుతుంది. అరిగిపోయిన స్టాంపర్‌తోనే పని కానిస్తే చప్పుడు పెరుగుతుంది. ఇవన్నీ ఒక షిఫ్టులో, ఒక యంత్రం మీద, ఒక గంటలో జరిగే తప్పులు. వీటికి పాస్‌పోర్టు ఉండదు. 2012 పెట్టెల విషయంలో అమెరికా ప్రతుల మీద ఫిర్యాదులు ఎక్కువ వచ్చిన మాట నిజమే. జర్మన్ ప్రతుల మీద కూడా రాకపోలేదు. పండితుడు మాత్రం ఇక్కడి నుంచి ఒకటి, అక్కడి నుంచి ఒకటి, మొత్తం రెండు పెట్టెలు విప్పి రెండు దేశాల పారిశ్రామిక సంస్కృతి మీద తీర్పు ఇచ్చేస్తాడు. అదే దేశపు రెండో పెట్టె విప్పి చూస్తే ఆ తీర్పు నిలుస్తుందో లేదో తేలుతుంది. కానీ ఒకే దేశపు రెండు పెట్టెలు కొనడం పిచ్చితనమని, రెండు దేశాలవి కొనడం పరిశోధన అని వారి లెక్క.

జపాన్ దగ్గరికి వచ్చేసరికి పరిశోధన కాస్తా భక్తిగా మారుతుంది. జపాన్‌లో అమ్మే రికార్డులకు ఓబీ అనే కాగితపు పట్టీ చుడతారు. పాటల వివరం, ధర అక్కడి భాషలో కొనుగోలుదారుకు తెలియడానికి పెట్టిన ఏర్పాటది. ఇప్పుడు ఆ పట్టీ చిరగకుండా ఉంటే పాత రికార్డుకు ఒక ధర, లేకపోతే మరో ధర. దాన్ని చదవడం రానివారే దాన్ని ఎక్కువ జాగ్రత్తగా కాపాడతారు. ఇక జపాన్ ప్రతుల్లో ఉండే అదనపు పాటల సంగతి. అక్కడి అభిమానుల మీద కళాకారుడికి ఉన్న ప్రత్యేక ప్రేమకు గుర్తుగా వీటిని చెప్పుకుంటారు. అసలు కారణం చట్టం. 1953లో జపాన్ తన గుత్తాధిపత్య నిరోధక చట్టాన్ని సవరించి, పుస్తకాలు, పత్రికలు, రికార్డుల మీద ప్రచురణకర్త పెట్టిన ధరను దుకాణదారు తగ్గించకుండా కట్టడి చేసుకునే వీలిచ్చింది. దిగుమతి సరుకుకు ఆ కట్టడి వర్తించదు. కాబట్టి విదేశీ కళాకారుడి ఆల్బమ్ దిగుమతి ప్రతి చవగ్గా, స్థానిక ప్రతి ఖరీదుగా ఉండేది. చవక ప్రతి వైపు జారిపోతున్న కొనుగోలుదారును ఆపడానికి కంపెనీలు ఎర వేసినవే ఆ అదనపు పాటలు. టోక్యో దుకాణాల ధరల గొడవకు పుట్టిన ఉపాయాన్ని ప్రపంచమంతా కళాఖండంగా సేకరిస్తోంది.

వినైల్‌లో కనీసం పదార్థపు తేడా అన్న సాకైనా ఉంది. సీడీ పెట్టెల దగ్గర అదీ లేదు. సీడీలో ఉండేవి అంకెలు: ఒక్కో చానెల్‌కు 16 బిట్లు, సెకనుకు 44,100 సార్లు. చిన్నపాటి గీతలు పడినా అంకెలను తిరిగి రాబట్టే దిద్దుబాటు ఏర్పాటు అందులోనే ఉంది. ఒకే మాస్టర్ నుంచి వచ్చిన రెండు దేశాల సీడీలను కంప్యూటరులోకి ఎక్కించి చూస్తే అంకెకు అంకె సరిపోతుంది. అయినా 2008 ప్రాంతంలో జపాన్ కంపెనీలు ఎల్‌సీడీ తెరలకు వాడే మేలురకం పాలీకార్బొనేట్‌తో సీడీలు చేసి, ధ్వని మెరుగైందని ప్రకటించాయి. అవి మామూలు సీడీ ప్లేయర్లలోనే ఆడతాయి, ఇచ్చేదీ అవే అంకెలు. పండితులు వాటిలోనూ గాయకుడి ఊపిరి దగ్గరగా వినిపించిందన్నారు. అంతకు ముందే, 2007లో, అమెరికాలోని ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మొరాన్ అనే ఇద్దరు ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. హై రిజల్యూషన్ ధ్వనిని నేరుగా ఒకసారి, సీడీ ప్రమాణానికి కుదించి ఒకసారి వినిపించి, ఏది ఏదో చెప్పమన్నారు. వినేవారికి పేర్లు తెలియవు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. అసలు ప్రమాణమే మారినప్పుడు పట్టుకోలేని చెవులు, ప్లాస్టిక్ రకం మారగానే గుర్తుపట్టాయంటే ఆ శక్తిని చెవికి కాక మరో ఇంద్రియానికి ఆపాదించడం న్యాయం.

ఇది సామాన్యుల చెవుల సంగతి, మావి పండిన చెవులు అంటారు. ఆ పండిన చెవులకు 2022లో పరీక్ష జరిగింది. పాత ఆల్బమ్‌లను మూల టేపుల నుంచి మళ్లీ తీసి, ఖరీదైన పెట్టెల్లో అమ్మడంలో అమెరికాకు చెందిన మొబైల్ ఫిడెలిటీకి పెద్ద పేరు. డిజిటల్ స్పర్శ సోకని స్వచ్ఛమైన రికార్డులుగా కొనేవారు వాటిని నమ్మారు, రికార్డు 125 డాలర్లయినా వెనుకాడలేదు. మైకేల్ జాక్సన్ థ్రిల్లర్‌ను అదే మూల టేపు పద్ధతిలో 40,000 ప్రతులు తెస్తున్నామని ఆ సంస్థ ప్రకటించాక అనుమానం పుట్టింది. అన్ని ప్రతులకు సరిపడా అచ్చులు తీయాలంటే పాత మూల టేపును ఎన్నిసార్లు తిప్పాలి? ఆ ఏడాది జూలైలో ఫీనిక్స్‌లోని ఒక రికార్డుల దుకాణదారు గుట్టు విప్పాడు, ఇంజనీర్లు ఒప్పుకున్నారు: 2011 నుంచే వారి రికార్డుల్లో చాలావాటికి మధ్యలో డిజిటల్ మెట్టు ఉంది. కొనుగోలుదారులు కోర్టుకెక్కారు, మరుసటి ఏడాది దాదాపు 2.5 కోట్ల డాలర్ల విలువైన రాజీ కుదిరింది. ఇక్కడ సంస్థ ఏం చెప్పింది, ఏం దాచింది అన్నది న్యాయస్థానం చూసుకునే విషయం. మనకు కావలసింది చెవుల వాంగ్మూలం. పదకొండేళ్ల పాటు ఆ రికార్డులను మిగతా ప్రతులన్నింటితో పోల్చి, స్వచ్ఛతకు పరాకాష్ఠ అని రాసినవారిలో ఒక్కరి చెవీ ఆ మెట్టును పట్టుకోలేదు. నిజం బయటపడ్డాక మాత్రం మొదటి నుంచీ ఏదో వెలితి వినిపిస్తూనే ఉందన్నవారు దొరికారు.

దీనికి గట్టి ఆక్షేపణ ఒకటుంది: దేశాల మధ్య తేడాలు కొన్నిసార్లు నిజంగానే ఉంటాయి కదా? ఉంటాయి. 1966లో రివాల్వర్ ఆల్బమ్ ఇంగ్లండ్‌లో 14 పాటలతో వస్తే, అమెరికాలో 11తోనే వచ్చింది. కేపిటల్ సంస్థ మూడు పాటలను ముందే మరో ఆల్బమ్‌కు తరలించింది. అంతకు ముందు కొన్ని పాటలకు అమెరికా ప్రతుల్లో అదనపు ప్రతిధ్వని పూశారు. అవి అట్ట చూడకుండా ఎవరైనా చెప్పగల తేడాలు. పాట లేకపోవడాన్ని పట్టుకోవడానికి పండిన చెవి అక్కర్లేదు. ఈ ఉదాహరణ నా వాదాన్ని దెబ్బతీయదు, బలపరుస్తుంది. ఎందుకంటే ఇక్కడ తేడా తెచ్చింది ఫలానా సంస్థలో ఫలానా మనిషి తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాన్ని, దాని కారణాన్ని చెప్పడం చరిత్ర. అది వదిలేసి అమెరికా ధ్వని, బ్రిటిష్ ధ్వని అని జాతకాలు చెప్పడం మరొకటి. టేపు ఏది, మాస్టరింగ్ ఎవరిది, నొక్కింది ఎక్కడ, ఏ ఏడు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే దేశం పేరుతో పని ఉండదు. దొరకనప్పుడే దేశం పేరు జవాబు వేషం కట్టుకుని వస్తుంది.

దేశపు ముద్రకు అర్థమే లేదని కాదు. దాన్ని చెవితో కాక చరిత్రతో చదవాలి. ఇంగ్లండ్‌లో లక్కతో చేసే 78 ఆర్‌పీఎం రికార్డుల కాలం 1960 నాటికి దాదాపు ముగిసింది. మన దేశంలో మాత్రం 1960ల మధ్య దాకా బీటిల్స్ పాటలు సైతం 78 రికార్డులుగా కూడా వచ్చాయి. ఘంటసాల పాటలను ఇంటింటికీ పంపిన కలకత్తా డమ్‌డమ్ కర్మాగారంలోనే అవీ అచ్చయ్యాయి. కరెంటు లేని ఊళ్లలో చేత్తో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్లు ఇంకా ఆడుతుండటమే కారణం. ఈనాడు విదేశీ సేకర్తలు ఆ రికార్డుల కోసం పెద్ద మొత్తాలు పోస్తున్నారు. గరగర తప్పని ఆ పళ్లేలు బాగా వినిపిస్తాయని కాదు, మరోచోట తేలిగ్గా దొరకవని. ఈ ఒక్క సందర్భంలో సేకర్త నిజం మాట్లాడుతున్నాడు: అరుదైనది కనుక కొన్నాను అంటున్నాడు. కరెంటు లేని ఊరి అవసరం ఎలా అపురూప వస్తువైందో ఆ పళ్లెం చెబుతుంది. అలాంటి కథ వినిపించే పోలిక ఎంత పొడుగైనా చదవవచ్చు.

ఆఖరి ఆక్షేపణ అందరికీ నచ్చేది: ఎవరి సరదా వారిది, ఎవరి డబ్బు వారిది, మధ్యలో మీకేం? సరదాకు అడ్డు చెప్పేవారు ఎవరూ లేరు. తపాలా బిళ్లలు పోగుచేసేవారు దేశదేశాల బిళ్లలు పోల్చుకుని మురిసిపోతారు, అచ్చుతప్పు ఉన్న బిళ్లకు వేలు పోస్తారు. కానీ జపాన్ బిళ్ల అంటిస్తే ఉత్తరంలో ఆప్యాయత పెరుగుతుందని వారిలో ఒక్కరూ అనలేదు. రికార్డుల పండితుడు అంటున్నది సరిగ్గా అదే. ఆ మాటకు ధర ఉంది. ఫలానా దేశపు ప్రతి మేలని తీర్పు రాగానే ఆ పెట్టె ధర పాత సరుకు బజారులో ఎగబాకుతుంది, వేరే దేశపు పెట్టె కొన్నవాడికి ఇంట్లో ఉన్న పాట చిన్నబోతుంది. కంపెనీలు ఈ బలహీనతను ఎప్పుడో కనిపెట్టాయి. ఒక దేశానికి రంగు వినైల్, ఒక దేశానికి అదనపు పాట, ఒక గొలుసు దుకాణానికి వేరే అట్ట. పోల్చేవాడు ఉన్నంతకాలం ఒకే ఆల్బమ్‌ను నాలుగుసార్లు అమ్మవచ్చు, ప్రకటనల ఖర్చు కూడా వాడే భరిస్తాడు.

కాబట్టి పోలికలు మానమని కోరడం లేదు, సాక్షిని మార్చమని కోరుతున్నాను. రెండు దేశాల రికార్డులు తీసుకుని, శబ్ద స్థాయి సమానం చేసి, లేబుళ్లు కప్పి, మరొకరి చేత ఇరవైసార్లు మార్చి మార్చి పెట్టించాలి. శబ్దం సమానం చేయడం మరవకూడదు, ఎందుకంటే కాస్త పెద్దగా మోగినదే మేలుగా తోచడం అందరి చెవులకూ ఉన్న జబ్బు. ఒక్కో దేశం నుంచి ఒక్క ప్రతి కాక నాలుగైదు ప్రతులు ఉండాలి. ఇరవైలో పద్దెనిమిది సరిగా చెప్పినవారి తీర్పును గౌరవంగా అచ్చు వేయవచ్చు. పది దగ్గర ఆగినవారు అట్ట మందం, కాగితం నునుపు, పుస్తకం కుట్టు, పట్టీ రంగు గురించి రాసుకోవచ్చు. అవి కళ్లతో చూసి చెప్పగల సంగతులే, అందులో వారిని మించినవారు లేరు.